జవాబుల పేజీలకు కుట్టు

నేను చిన్నప్పుడే చదువు నేర్చుకోలేకపోయింది బద్ధకం వల్ల కాదు. బర్గూరు పక్కన మా ఊళ్లో బడి ఉండింది. మా ఇంటి గడపలో నిలబడితే పిల్లల ఎక్కాలు వినిపించేవి. కానీ ఇంటికి నేను పెద్దదాన్ని. నా చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవాళ్లు. బిడ్డను ఎత్తుకుని బడికి రాకూడదన్నాడు అయ్యవారు. బిడ్డను దించితే ఇంట్లో ఒప్పుకోరు. కడపటి తమ్ముడు నడక నేర్చేసరికి నన్ను కూలి పనికి పిలుస్తా ఉన్నారు. పెండ్లయి, హోసూరు వచ్చి, మూకండపల్లిలో కాపురం పెట్టి, సంచులు కుట్టే కంపెనీలో చేరిన తర్వాత, మా పాప రెండో తరగతిలో ఉండగా ఆమె తెలుగు వాచకం పక్కన కూర్చుని అక్షరాలు దిద్దినాను. అప్పటికి నాకు ముప్పై దాటింది.

మొదటి నెలలో నేను గడగడా చదివేస్తా ఉంటే నాకే ఆశ్చర్యంగా ఉండేది. ఒక దినం పాప నా మొహంలోకి అనుమానంగా చూసి, పేజీ పైన ఉండే బొమ్మను అరచేత్తో మూసేసింది. నా నోరు ఆగిపోయింది.

"నువ్వు చదవలేదమ్మా. బొమ్మ చూసి చెప్తా ఉండావు."

నిజమే. ఆవు బొమ్మ ఉంటే ఆవు అన్నాను. బావి ఉంటే బావి అన్నాను. ఏడేండ్ల పిల్ల చేతిలో దొరికిపోయినందుకు సిగ్గేసింది కానీ, ఆ దినం నుంచి ఏ పేజీ తెరిచినా ముందు నా చేత్తోనే బొమ్మను మూసి చదవడం అలవాటు చేసుకున్నాను. చదివే వేగం సగానికి సగం తగ్గింది. కానీ నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా అక్షరాల్లోంచే వచ్చిందని నాకు తెలుసు. ఆ సంతోషం ఎట్లాంటిదో చిన్నప్పుడే చదువుకున్నవాళ్లకు చెప్పడం కష్టం.

పాప ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడు టౌన్లో ఒక లెక్కల గైడు కొనిచ్చినాను. దాంట్లో ముందంతా లెక్కలు, చివర పది పేజీల్లో జవాబులు. పాప లెక్క చదివేది, వెంటనే వెనక్కి తిప్పి జవాబు చూసేది, ఆ జవాబు వచ్చేదాకా అంకెలను అటూ ఇటూ నెట్టేది. ఇంట్లో అన్నీ సరి, బడిలో పరీక్ష పెడితే సగం తప్పు. ఆ జబ్బు నాకు బాగా తెలుసు. అది బొమ్మ చూసి చదవడమే.

ఒక ఆదివారం దబ్బనం తీసి, సంచులకు వాడే దారంతో ఆ పది పేజీలనూ అంచు వెంబడి కలిపి కుట్టేసినాను. వారమంతా లెక్కలు చేయాలి, ఆదివారం పొద్దున కుట్టు విప్పి సరిచూసుకోవాలి, మళ్లీ కుట్టేయాలి. అదీ కట్టుబాటు. మా ఆయన చూసి నవ్వినాడు.

"ఏమే, పుస్తకం కొనింది చదివేదానికా, మూట కట్టేదానికా?"

రెండో వారమే కుట్టులో తేడా కనిపించింది. నేను దినానికి వందల సంచులు కుట్టేదాన్ని. నా కుట్టు నాకు తెలియదా? ఎవరో నాలుగు కుట్లు విప్పి, మళ్లీ వేసి, ముడి ఎడమ పక్కకు తిప్పినారు. పాప తల ఎత్తలేదు. తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె విప్పాలనుకుంటే నేను ఎంత గట్టిగా కుట్టినా విప్పుతుంది. ఎనిమిది గంటలు కంపెనీలో ఉండే నేను ఇంట్లో కాపలా కాయలేను కదా. దబ్బనం ఆమె చేతికిచ్చి, ఇంక కుట్టేది నువ్వే, విప్పేది నువ్వే అన్నాను.

ఆ తర్వాత ఆ కుట్టు జోలికి నేను పోలేదు. ఆరు వారాలు పాపే కుట్టింది. కుట్లు వంకరటింకరగా ఉండేవి, పేజీల అంచు జల్లెడ అయిపోయింది, కానీ ఆదివారం కాకుండా ఒక్కసారి కూడా విప్పలేదు. లెక్కల్లో ఆమె మాట మారింది. జవాబు ఎంత అని అడగడం మానేసి, ఇది ఎందుకు ఇట్లా వస్తా ఉంది అని అడగడం మొదలుపెట్టింది. నాకు సమాధానం తెలియదు కాబట్టి ఇద్దరమూ తలలు పట్టుకునేవాళ్లం.

అప్పుడే బడిలో సార్ చెప్పినాడు, కృష్ణగిరిలో చుట్టుపక్కల బడులన్నిటికీ లెక్కల పోటీ ఉందని, తరగతికి ఒకరినే పంపుతారని. దానికి ముందు బడిలోనే పరీక్ష పెట్టి, అదే గైడులో నుంచి పది లెక్కలు ఇస్తారు, ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు పోతారు. మా ఊరికి పోయేటప్పుడు పాప కృష్ణగిరిని బస్సు కిటికీలోంచే చూసింది. ఆ ఊళ్లో దిగి, ఎవరో తెలియని పిల్లల మధ్య కూర్చుని లెక్కలు చేయాలని ఆమెకు ఎంత ఆశ పుట్టిందో, అన్నం తింటా కూడా అదే మాట.

పరీక్ష సోమవారం. ముందు దినం ఆదివారం కుట్టు విప్పినాము. అన్నీ సరిపోయినాయి, ఒకటి తప్ప. పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు ఉండే గదికి, ఒక్కో పక్క ఒకటిన్నర అడుగు ఉండే చదరం బండలు ఎన్ని పడతాయి? పాపకు నలభై ఎనిమిది వచ్చింది. గైడులో డెబ్బై రెండు. పాప రబ్బరు తీసుకుంది.

"ఉండు పాపా. చెరపొద్దు. పరిచి చూద్దాం."

మా వరస ఇండ్ల ముందు చదునైన నేల ఉంది. టేపు పెట్టి కొలిచి, ముగ్గుపిండితో పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు గది గీసినాము. ఒకటిన్నర అడుగుకు ఒక బండ అని, ఒక్కో బండ నడుమ ఒక్కో చుక్క పెట్టుకుంటా పోయినాను. పక్కింటామె చెంబు పట్టుకుని వచ్చి నిలబడింది.

"చుక్కలు పెట్టినావు, ముగ్గు యాడమ్మా?"

నేను చుక్కలు లెక్కపెడతా ఉన్నాను. వరసకు ఎనిమిది చుక్కలు, ఆరు వరసలు. ఎనిమిది చుక్కల ముగ్గు నేను చిన్నప్పటి నుంచి వేస్తా ఉన్నాను, అక్షరం రాకముందు నుంచే. ఆరు వరసలు పెడితే నలభై ఎనిమిది కాక ఇంకేమవుతుంది?

పాప ఆ చుక్కల నడుమ నిలబడి చాలాసేపు ఆలోచించింది. తర్వాత లోపలికి పరుగెత్తి పలక తెచ్చింది. "అమ్మా, వాళ్లకు డెబ్బై రెండు యాడనుంచి వచ్చిందో దొరికింది" అనింది. నూట ఎనిమిదిని ఒకటిన్నరతో భాగించినారు. బండకు పొడవు లెక్కపెట్టి వెడల్పు మరిచిపోయినారు. తన జవాబు సరి అని తెలుసుకోవడం ఒకటి, ఎదుటివాళ్ల తప్పు ఏ మెట్టు మీద జరిగిందో పట్టుకోవడం ఇంకొకటి. ఇద్దరమూ నేల మీద కూర్చుని పిచ్చివాళ్లలాగా నవ్వినాము.

నవ్వు ఆగినాక పాప మెల్లగా అడిగింది. "రేపు ఈ లెక్కే వస్తే? సార్ గైడు చూసి దిద్దుతాడు. నలభై ఎనిమిది రాస్తే కృష్ణగిరి చేయి జారినట్టే."

డెబ్బై రెండు రాసేయ్ అనే మాట నా నాలుక మీదికి వచ్చింది. అబద్ధం చెప్పను, నాకూ ఆమె పోవాలనే ఉండింది. నేను మింగేసినాను. పలక మీద ఉండేది నువ్వు చేసింది, ఏది రాస్తావో నీ ఇష్టం అని మాత్రం చెప్పినాను.

ఆ లెక్క వచ్చింది. మంగళవారం సాయంత్రం పాప బడి నుంచి పరుగెత్తుకుంటా వచ్చి, వాకిట్లోనే చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకు తొమ్మిది మార్కులు, ముందు బెంచీ అమ్మాయికి పది. కృష్ణగిరికి ఆ అమ్మాయి పేరే చదివినాడంట సార్. పాప లేచి నిలబడి, బోర్డు మీద ఒకసారి గీసి చూపిస్తాను అనిందంట. గైడు కంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాడంట సార్, తరగతి అంతా నవ్విందంట. పాప కూర్చోలేదు. పోయి ఎనిమిది గళ్లు, ఆరు వరసలు గీసింది. సార్ సుద్దముక్క తీసుకుని తానే మళ్లీ లెక్క చేసినాడు. చేసి, పది వచ్చిన అమ్మాయిని డెబ్బై రెండు ఎట్లా వచ్చిందని అడిగితే, వెనక అట్లే ఉంది సార్ అనిందంట.

"అప్పుడు సార్ ఏమన్నాడు?"

"నేనూ వెనక చూసే దిద్దినాను, అన్నాడు. అందరి ముందరా అన్నాడమ్మా."

ఆ మాట అన్నందుకు ఆ సార్ మీద నాకు పెరిగిన గౌరవం అంతా ఇంతా కాదు. పేరు మార్చి పాప పేరు రాసినాడంట. ఇదంతా పాపతో రెండుసార్లు చెప్పించుకున్నాను. మా ఆయన రాగానే మూడోసారి నేనే చెప్పినాను.

మరుసటి దినం పొద్దున ఐదున్నరకే లేచినాను. ఒక తప్పు దొరికిన పుస్తకంలో ఇంకెన్ని ఉన్నాయో అని మనసు నిలవలేదు. గైడు మొదటి పేజీ తెరిచి ఒకటో లెక్క మొదలుపెట్టినాను. భిన్నాల కూడిక. రెండుసార్లు చేస్తే రెండు రకాలుగా వచ్చింది. పాప లేచి వచ్చి, నా భుజం మీదుగా చూసి, నోరు తెరవబోయింది. చెప్పొద్దు అన్నాను. ఆ దినం కంపెనీకి పావుగంట ఆలస్యంగా పోయినాను.