చేతులు వెనక్కి కట్టుకునే నీవెస్

మీర్కో లోపలికి వస్తూనే సైకిలెత్తి బల్ల మీద పడేశాడు. డబ్బాలోని నట్లన్నీ నేలంతా దొర్లాయి.

“సాయంత్రానికి పంక్చర్ వేసి ఉంచు,” అన్నాడు.

నీవెస్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. “జిగురు అక్కడుంది, ఆకురాయి ఇక్కడుంది. చేతులు నీకున్నాయి.”

“నీ చేతులు దేనికి, గోక్కోవడానికా?”

“నీవి చాలకపోతే కాళ్లు కూడా వాడుకో.”

వాడు ఆమె గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. తల తగిలిన చప్పుడు పొయ్యి దగ్గరున్న నాకు వినిపించింది. నీవెస్ చేతులు అప్పటికీ వెనకే ఉన్నాయి. ఇనుప ముక్కున్న బూటుతో వాడి మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చింది. వంగినవాడిని అక్కడే ఇంకొకటిచ్చింది. వాడు కూలబడ్డాడు.

“చక్రం విప్పడానికి అలాగే కూర్చోవాలి. ఇక మొదలుపెట్టు,” అంది.

బయటికి నడవడానికి వాడికి కాలు రాలేదు. తిడుతూ, ముక్కు తుడుచుకుంటూ గంటసేపు తంటాలుపడి వాడే పంక్చర్ వేసుకున్నాడు. షెడ్డంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ఇటలీలోని ఫెరారా ఊరి కోటగోడ అవతల, పాత జనపనార గిడ్డంగిలో ఉంది మా షెడ్డు. యజమాని లేడు, జీతగాడు లేడు. చక్కెర మిల్లు మూతపడి వెల్డింగు పని పోయాక నీవెస్, మరో ఏడెనిమిది మంది కలిసి దాన్ని నడుపుతున్నారు. ఎవరి సైకిలు వాళ్లే బాగుచేసుకోవాలి. నేర్పేవాళ్లు నోటితో చెప్పాలి, చెయ్యి పెట్టకూడదు. వచ్చినవాడి పేరు అడగకూడదు. ఇవీ నియమాలు. పదకొండేళ్లుగా నేనూ సభ్యురాలినే. శనివారాలు అందరికీ గుమ్మడికాయ కూరిన పిండివంట ఉడకబెట్టి పెడతాను, తప్పులు పడతాను. గ్రీజు మాత్రం ముట్టను.

కుంటుతూ పోయిన మీర్కో వారానికే తిరిగొచ్చాడు. ఆ చలికాలమంతా వచ్చాడు. వాడిది ఎడమచేతి వాటం, మంచి పనితనం. చైను తెంచి కలపడం, బ్రేకులు బిగించడం నేర్చుకున్నాడు. తాళంచెవి పోయిందంటే తాళం కోసే పద్ధతి కూడా నీవెస్సే చెప్పింది. ఆ తాళం ఎవరిదని అడగడం మాలో లేదు. మా బుద్ధి అంత గొప్పది.

వసంతం వచ్చేసరికి ఊళ్లో సైకిళ్లు మాయం కావడం మొదలైంది. స్టేషన్ వెనక ఆదివారం అంగట్లో కొత్త రంగు పూసిన సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉంటే నీవెస్ ఒకదాని ముందు ఆగిపోయింది. సీటు కడ్డీ ఫ్రేములోకి దిగేచోట వాన నీళ్లు చొరబడకుండా పాత ట్యూబు ముక్క కోసి తొడగమని ఆమె అందరికీ చెబుతుంది. దీనికీ ఉంది.

“యోలే అక్కా,” అని నన్ను పిలిచింది. “ఈ కోత ఎటు వాలిందో చూడు. ఎడమచేతివాడిది. నేను చెప్పినట్టే కోశాడు, దరిద్రుడు.”

పక్క శనివారం నుంచి ఆమె షెడ్డు గుమ్మంలో దాగలి, అదే కమ్మరి ఇనుప దిమ్మ, వేసుకుని కూర్చుంది. కొసన అంకెలున్న ఉక్కు కడ్డీలు తెచ్చింది. ఎవరు సైకిలు తెచ్చినా పెడల్ ఇరుసు కింద, గట్టి ఇనుము మీద అంకెలు కొట్టేది. ఎంత రంగు పూసినా అవి పోవు, సైకిలు ఎవరిదో చెబుతాయి. ఇదొక్కటే తన చేత్తో చేసేది. దెబ్బ వంకరపోతే ఫ్రేము పాడవుతుందని. మూడు వందల సైకిళ్లకు కొట్టింది. నా సైకిలు మాత్రం నేనివ్వలేదు. అది మా ఆయన ఎలీయోది. ఆయన పోయాక దాని మీద ఒక్క గీత పడనివ్వలేదు. “నీ పిచ్చి నీదిలే అక్కా,” అని ఊరుకుంది.

అంగట్లో జనం సైకిలు తిరగేసి అంకెలున్నాయేమో చూడ్డం మొదలుపెట్టారు. మీర్కో సరుకు కదలడం మానేసింది.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, నీవెస్, నేనూ తప్ప అందరూ పెరట్లో తింటుండగా వాడు ముందు గుమ్మంలోంచి వచ్చాడు. వెంట ఇద్దరు. ఆ ఇద్దరూ నీవెస్‌ను మోకాళ్ల మీద కూలేసి, కుడిచెయ్యి లాగి దాగలి మీద పరిచారు. మీర్కో ఆమె సుత్తే తీసుకున్నాడు.

“ఇప్పుడు కట్టుకో చేతులు వెనక్కి.”

“సుత్తి పిడి చివర పట్టుకో,” అంది నీవెస్. “మధ్యలో పట్టుకుంటే దెబ్బ తేలిపోతుందని ఎన్నిసార్లు చెప్పాను?”

వాడు చివర పట్టుకున్నాడు. మూడు దెబ్బలు. మొదటిదానికే ఎముక విరిగిన చప్పుడైంది. మూడోదానికి వేళ్లు వేళ్లలా లేవు. నేను పొయ్యి మీద మరుగుతున్న గిన్నె ఎత్తి, దగ్గరున్నవాడి మెడ మీద కుమ్మరించాను. వాడి చర్మం చొక్కాతోపాటు ఊడొచ్చింది. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

పోలీసులకు మీర్కో పేరు నేనే చెప్పాను. వాడు లోపల ఉన్నాడు. మిగతా ఇద్దరూ దొరకలేదు. శనివారం షెడ్డు తెరిస్తే ఈసారి ఇద్దరం కాదు, పదిమందిమి వస్తామని షెడ్డు తలుపు మీద రాసిపోయారు. మావాళ్లలో ఒకడికి నడుము పట్టేసింది, ఒకడికి అత్తగారి ఊరు గుర్తొచ్చింది. దాగలి ముందు కూర్చుంటానన్నవాడు ఒక్కడూ లేడు. ఒక్క శనివారం ఆగితే ఇక ఆగిపోయినట్టే.

శుక్రవారం పొద్దున నీవెస్ మా వంటింట్లోకి వచ్చింది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. కాఫీ ఎడమచేత్తో తాగింది, సగం ఒలకబోసింది.

“డాక్టరు ఏమన్నాడు?”

“రెండు వేళ్లు ఇక ముడుచుకోవన్నాడు. నోరు బానే ఉందన్నాడు.”

“అది ఊరందరికీ తెలుసు.”

ఆమె లేచింది. గోడకు ఆనించి ఉన్న ఎలీయో సైకిలు పెడల్ ఇరుసు కింద ఎడమచేత్తో తడిమింది.

“రేపు పదింటికి దాన్ని తీసుకురా అక్కా. గుమ్మంలో కూర్చుందాం. కడ్డీ ఎలా నిలబెట్టాలో నేను చెబుతాను. సుత్తి నువ్వు పట్టుకో. మొదటి దెబ్బ దాని మీదే వెయ్యి, అందరూ చూడాలి.”