రేకుల పిండి పోసిన చెయ్యి

చెయ్యి కాలిన మర్నాడు నాకు భయం పట్టుకుంది. మే నెల ఎండలో, ఫ్యాను ఆపి రెండు దుప్పట్లు కప్పినా గడగడా వణికిపోయాను.

మాది ఆత్రేయపురం దగ్గర పూతరేకులు చేసే ఇల్లు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి రేకు తీస్తుంటే నా పైట అంటుకుంది. కుడిచెయ్యి మోచేతి పైదాకా కాలింది. పక్కనే ఉన్న మా తోడికోడలు సత్యవతి మంట ఆర్పింది. "భయపడకక్కా, చల్లగా ఉంటాది" అంటూ గిన్నెలో పల్చగా కలిపి ఉన్న రేకుల బియ్యప్పిండి నా చెయ్యంతా పోసేసింది. నిజంగానే హాయిగా అనిపించింది. తీరా అది ఎండి పుండుకి అతుక్కుపోయింది.

వణుకు తగ్గకపోయేసరికి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరుగారు చూసి, "ఏం పూసేరమ్మా ఇది?" అన్నారు.

"రేకుల పిండండీ."

"నోట్లోకి వెళ్లాల్సింది చేతికి పోసేరా! మీ ఆయనేం చేస్తారు?"

"రొయ్యల చెరువు మీద పనండీ."

"చెరువు గట్టు తెగితే నీళ్లుంటాయా? చర్మం కూడా ఒంటికి గట్టేనమ్మా. అది పోతే లోపలి నీరు, వేడి బయటికి పోతాయి. అందుకే ఈ వణుకు. బయటి క్రిములు లోపలికి వచ్చేస్తాయి."

వెంటనే సెలైన్ పెట్టారు. పిండి కడిగి తీస్తుంటే వార్డంతా నా కేకలే. ఇన్ఫెక్షన్ తగ్గాక తొడ మీది చర్మం తీసి స్కిన్ గ్రాఫ్టింగ్ చేశారు. ఓ మూల అతుక్కోలేదు, మళ్లీ డ్రెస్సింగులు. "మోచెయ్యి పూర్తిగా వంగుతుందని ఇప్పుడే చెప్పలేనమ్మా" అన్నారు డాక్టరుగారు.

అన్నాళ్లూ నాకు అన్నం కలిపి నోట్లో పెట్టింది సత్యవతే. ఫిజియోథెరపీలో నేను ఏడుస్తుంటే, తనూ ఏడుస్తూనే "ఇంకొంచెం వంచక్కా" అని గదమాయించేది. ఆవిడ మీద కోపం లేదా అని చుట్టాలు ఆరా తీస్తుంటారు. పిండి సంగతి గుర్తుంది గానీ, మంట ఆర్పిందెవరో మర్చిపోయారు వీళ్లు! నేను మర్చిపోలేదు.

కొత్త చర్మానికి చెమట పట్టదు, దానంతట అది మెత్తబడదు. రోజూ మాయిశ్చరైజర్ రాసుకుంటాను, ఎండలోకి నిండు చేతుల జాకెట్టు వేసుకుంటాను. పొయ్యి వేడికి తట్టుకోలేను గనక రేకులు సత్యవతి తీస్తుంది. నెయ్యి, పంచదార వేసి నేను మడతలు పెడతాను.

ఎవరికైనా ఒళ్లు కాలితే పిండి, పేస్టు, నూనె ఏదీ పూయకండి. పంపు కింద ఇరవై నిమిషాలు నీళ్లు పారనిచ్చి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇవాళ పొద్దున్న నా జడ నేనే వేసుకున్నాను.