పదును పెట్టని కత్తులు

తడిసిన సానరాయి వాసన వేరు. తొలకరికి బండలు విడిచే వాసనలో కాస్త ఇనుము కలిసినట్టు ఉంటుంది. ప్రతి ఆదివారం ఉదయం ఖమ్మంలోని మా ఇంటి పెరట్లో, కుళాయి పక్కన కూర్చుని నా కత్తికి నేనే పదును పెట్టుకుంటాను. ఆ కత్తి మా కోడలు సుజాత చేతిలో ఒద్దికగా ఉండదు. సొరకాయను నిలువుగా కోయబోతే పక్కకు జారిపోతుంది. "మామయ్యా, మీ కత్తి కూడా మీలాగే, ఎవరి మాటా వినదు" అంటుంది. దాన్ని చేసిన సోమాచారి ఉండి ఉంటే ఆమె చేతిని ఒక్కసారి చూసి జవాబు చెప్పేవాడు.

సోమాచారి ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఊరి కమ్మరి. నేను అప్పట్లో చేతివృత్తుల వివరాలు సేకరించే ప్రభుత్వోద్యోగిని. అడిగింది అడిగినట్టు ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ పుస్తకాలన్నీ ఈనాటికీ నా బీరువాలో వరుస తప్పకుండా ఉన్నాయి. మొదటిసారి వెళ్లినప్పుడు ఇనుము ఎక్కడిది, బొగ్గు ఏ కట్టెది, పిడికి ఏ కర్ర వాడతారు అని క్రమంగా అడిగాను. లారీ కింద ఉండే కమాన్‌పట్టీ ఇనుమును కొలిమిలో కాలుస్తూనే ఆయన అన్నిటికీ జవాబిచ్చాడు. ఇంతలో టీ వచ్చింది. గ్లాసు అందుకోవడానికి నేను చేయి చాపగానే సుత్తి ఆగిపోయింది.

"సారూ, మీది ఎడమ చెయ్యి గదా. మరి కుడిచేత్తోని ఎందుకు రాస్తున్రు?"

"చిన్నప్పుడు బడిలో బెత్తంతో కొట్టి మార్పించారు చారీ."

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. "చెయ్యి ఏం తప్పు జేసిందని గట్ల కొడతరు?" అని తనలో తాను అనుకున్నట్టు అని, "వచ్చే వారం మళ్ల రాండ్రి" అన్నాడు. రిటైర్మెంటు దగ్గర పడ్డ వయసులో, నా చేతి గురించి అడిగిన మొదటి మనిషి ఆయన. ఆ మరుసటి వారం నాకీ కత్తి ఇచ్చాడు. ఆయన కత్తుల అంచుకు పదును రెండు ముఖాలా కాక ఒక ముఖం వైపే ఉంటుంది, అందుకే ఒక్కో కత్తి ఒక్కో చేతికే వాటం. నా కత్తికి అది ఎడమచేతి వాటానికి తగిన వైపున ఉంది. ఆ పదును నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పెట్టాడు. అది నా మీది గౌరవం అనుకున్నాను. అందరికీ అలాగే చేస్తారా అని అడగలేదు. అన్నీ రాసుకున్న నేను ఆ ఒక్కటీ రాసుకోలేదు.

ఖమ్మంలో చేతిపనుల ప్రదర్శన జరుగుతుందని తెలిసి దరఖాస్తు నింపింది నేనే. ఆయనకు ఇష్టం లేదు. ఊళ్లలో రేకు కత్తులు, ఫ్యాక్టరీ కత్తులు వచ్చి పడ్డాయి. కొలిమికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. తమ్ముడేమో కొత్తగూడెంలో తన వెల్డింగు షాపుకు వచ్చేయమని ఒత్తిడి చేస్తున్నాడు. "గీ ఒక్కసారి సూస్త సారూ. అక్కడ గూడ ఎవ్వరు ముట్టకపోతే కొలిమి ఆర్పేసి తమ్ముని తానికి పోత" అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి ఆయనకు ఎంత భయమో నాకూ అంతే.

బస్సులో కత్తుల గోనెమూటను ఒళ్లోనే పెట్టుకున్నాడు. "ఏం పెద్దాయనా, కోడిపందేలకా?" అని కండక్టరు నవ్వితే ఆయన నవ్వలేదు. దారి పొడవునా ఒకటే ప్రశ్న: "ముఖం తెల్వనోళ్లు అడిగితే ఏం చెప్పాలె సారూ?" ఖమ్మం దిగేసరికి ఆయన చేతివేళ్లు వణుకుతున్నాయి. ఎర్రగా కాలిన ఇనుము ముందు ఏనాడూ వణకని వేళ్లవి.

స్టాలు ముందు "అలంకరణ వస్తువులు" అని బోర్డు తగిలించారు. కత్తి అలంకరణ వస్తువు ఎలా అవుతుందని నిర్వాహకుణ్ణి నిలదీశాను. "జాబితాలో కత్తులకు వేరే వర్గం లేదండీ" అన్నాడు. జాబితాలో లేకపోతే జాబితాను దిద్దుకోవాలి గాని, మనిషి పనిని కొట్టిపారేయకూడదు. ఆ మాటే రాతపూర్వకంగా ఇచ్చాను. నకలు నా దగ్గర ఉంది; జవాబు ఈనాటికీ రాలేదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఒకాయన కత్తి తీసుకుని చేతిలోని కాగితం మీద లాగాడు. కాగితం నలిగింది తప్ప తెగలేదు. ఇంకో కత్తి తీశాడు. అదీ అంతే. "ఏంది తాతా, గోడకు తగిలించుకునేటివా ఇవి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మధ్యాహ్నం దాకా అదే తంతు. సోమాచారి తల వంచుకుని గోనెసంచి అంచు మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. నేను ఉండబట్టలేక కత్తులన్నీ వేలితో తడిమి చూశాను. ఒక్కదానికీ పదును లేదు.

"ఇదేమిటి చారీ! పదును పెట్టకుండా తెచ్చావా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎవలిదో తెల్వకుండ పదునెట్ల పెడతరు సారూ? ఏ చెయ్యో, ఏం కోస్తరో సూడాలె గదా. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. పేజీల కొద్దీ వివరాలు ఉన్న నా నోటుపుస్తకానికీ తెలియదు. నిర్వాహకుడి మీద ఉన్న కోపమంతా నా మీదికే తిరిగింది. స్టాల్లోనే సానరాయి మీద పదును పెట్టడానికి నీళ్లు కావాలని మళ్లీ అతని దగ్గరికి పరుగెత్తాను. కార్పెట్టు తడుస్తుంది, కుదరదన్నాడు. తిరిగి వచ్చేసరికి సోమాచారి కత్తులను మూట కడుతున్నాడు. "పోదాం సారూ. తమ్ముడు చెప్పిందే నిజం."

టీ తాగి వెళదామన్నాను. బయట గేటు పక్కన బజ్జీల బండి. బండి ఆమె ఉల్లిగడ్డలు కోస్తోంది. కత్తి మాటిమాటికీ వంకరపోతుంటే విసుక్కుంటోంది. సోమాచారి గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, నీది ఎడమ చెయ్యి. ఆ కత్తి నీది గాదు."

"ఏంది తాతా, చెయ్యి సూసి జాతకం చెప్తవా?"

"జాతకం గాదు. ఆగు."

అక్కడే కుళాయి ఉంది. ఆయన మూట విప్పి ఒక కత్తి, తన సానరాయి తీశాడు. రాయి తడిపి, గొంతుక్కూర్చుని, ఆమె మణికట్టు కదలికను చూస్తూ పదును పెట్టసాగాడు. అప్పుడు చూశాను, ఆయన వేళ్లలో వణుకు లేదు. ఆమె ఆ కత్తితో ఒక ఉల్లిగడ్డ కోసింది. ఇంకోటి కోసింది. తన పాత కత్తిని బండి కింద పడేసింది. బజ్జీల కోసం నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే దగ్గరికి వచ్చి ఆయన ముందు చేయి చాపారు.

అద్భుతమేమీ జరగలేదు. ప్రదర్శన ముగిసేసరికి మూటలో సగం కత్తులు మిగిలే ఉన్నాయి. అయితే తిరుగు ప్రయాణంలో ఆయన మూటను ఒళ్లో పెట్టుకోలేదు, కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. బతికినన్నాళ్లూ కొలిమి ఆర్పలేదు.

ఆ రోజు ములకలపల్లిలో బస్సు దిగి విడిపోతూ మిగిలిన కత్తుల్లో ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఇది ఎవలిదో మీరే సూడుండ్రి" అన్నాడు. ఆయన పోయి ఏళ్లయింది. ఆ కత్తి పదును లేకుండానే నా బీరువాలో ఉంది. నోటుపుస్తకంలో దానికొక పేజీ కేటాయించి, 'ఎవరిది' అన్న చోట ఖాళీ వదిలాను. నా పుస్తకాల్లో నింపని గడి అదొక్కటే.

ఈ ఉదయం సుజాత మళ్లీ సొరకాయతో, నా కత్తితో పోట్లాడుతోంది. ఇన్నేళ్లుగా ఆ పోట్లాటను వింటూనే ఉన్నాను గాని, ఒక్కనాడైనా ఆమె చేతిని చూడలేదు. వెళ్లి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏంటి మామయ్యా, అలా చూస్తున్నారు?"

"నువ్వు కోస్తూ ఉండమ్మా."

కుడి చేయి. పిడిని బాగా వెనక్కి పట్టుకుంటుంది. కోసేటప్పుడు మణికట్టు కాస్త లోపలికి తిప్పుతుంది. బీరువాలోంచి ఆ కత్తి తెచ్చి, రాయి తడిపాను. పదును తప్పుగా పెడితే అరిగిన ఇనుము తిరిగి రాదు. ఇలాంటి కత్తి మరొకటి చేసేవాడు లేడు. ఆయనలాగే రాయి ముందు కూర్చున్నాను. సుజాత చేతిని మరోసారి చూసి, కత్తిని రాయికి ఆనించాను.