ఒడి కట్టుకోని రోజు

గల్ఫ్‌లో నేను విమానాల్లోకి సామాన్లు ఎక్కించేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం కాసేపు నీడకు కూర్చున్నా సూపర్‌వైజర్ జీతం కోసేవాడు. ఎంత మొత్తుకున్నా వాడి చెవికెక్కలేదు. భద్రాచలం అడవిలో తునికాకు కోసే అమ్మకు ఫోన్‌లో చెప్పుకున్నాను.

"ఆకు రేటు తేలేదాక మేం ఒడి కట్టుకుంటమా బిడ్డా? మీరు గూడ కట్టుకోకుర్రి," అన్నది.

కోసిన ఆకు వేసుకోవడానికి నడుముకు కట్టుకునే గుడ్డ అది. మాకు ఒడి ఎక్కడిది? మర్నాడు నేపాలీలు, బెంగాలీలు, మేము, అందరం గ్లౌజులు విప్పి ముందర పెట్టుకుని కూర్చున్నాం. సాయంత్రానికి కంపెనీ దిగొచ్చింది. జీతం కోయకుండా రోజూ మధ్యాహ్నం గంటసేపు నీడ ఇచ్చింది.

"ఇప్పుడు నీడకు కూసుంటున్నవా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది.

"అవ్," అన్నాను.

అది మే నెల, ఆకు కోసే కాలం. నీకు నీడ ఉందా అమ్మా అని నేను అడగలేదు.