ఉత్తి ఆయ్

రాజోలు నుంచి ఎడ్లబండిలో సముద్రపొడ్డు పోస్టుకి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. వాన. చక్రాలు ఇసుకలో దిగబడితే మేమే దిగి తోశాం. జపాను వాళ్ళు సముద్రం మీదుగా వస్తారని తీరమంతా హడలిపోతున్న ఏడాది అది. నాకిచ్చిన సామాను రైఫిలు, దోమతెర, వానకోటు, ఎనామిలు మగ్గు. ఆర్డరు ఒక్కటే. సముద్రాన్ని చూస్తూ ఉండాలి. ఓడ కనిపిస్తే ఫోను చేయించాలి.

పోస్టంటే ఓ కొబ్బరి వర్తకుడి బంగళా. ఆయన భయపడి, మంచాలూ బీరువాలూ బండ్లకెక్కించుకుని సంసారంతో సహా వెళ్ళిపోయాడు. హాల్లో టేబుల్ టెన్నిస్ బల్ల ఒక్కటే మోయలేక వదిలేశాడు. రబ్బరు బ్యాట్లు, కాసిని బంతులు, చిరుగుల వల. పైకప్పు కారి బల్ల ఓ మూల ఉబ్బింది. నేనున్నంత కాలం జపాను ఓడ ఒక్కటీ రాలేదు. తేమతోనూ దోమలతోనూ మాత్రం రోజూ యుద్ధమే.

పోస్టుకి పెద్ద హవల్దారు గారు. అనంతపురం వైపు మనిషి, కోపం తక్కువ. టెలిఫోను చూసేవాడిది కొత్తపేట. అందరం అతన్ని సిగ్నలు అనే పిలిచేవాళ్ళం. పెళ్ళై ఏడాది కాలేదు. భార్య కడుపుతో ఉంది. కాన్పు వేళకి సెలవిస్తానని హవల్దారు గారు మాటిచ్చారు. సిగ్నలు ఆ మాట పట్టుకునే బతికాడు. ఏ పని చేస్తున్నా నెలలు లెక్కేసుకునేవాడు.

అతనికి టేబుల్ టెన్నిస్ నేర్పింది రంగూన్ నుంచి వచ్చేసిన ఓ తెలుగతను. అతని ఎడమ వైపు బంతి వేశానా, నా పని అయిపోయినట్టే. బ్యాటు వెనక వైపుతో, గుండెల దగ్గర నుంచి కిందికి, కొడవలితో గడ్డి కోసినట్టు కోసేవాడు. నేను మామూలుగా తోస్తే బంతి తిన్నగా వలలోకి దిగేది. సరే కదా అని మరుసటి బంతిని ఎత్తి కొడితే, బల్ల దాటి గోడకి తగిలేది. చెయ్యి అదే, ఊపు అదే, బంతి మాత్రం వేరు.

"ఇది మోసం కదరా" అన్నాను.

"మోసమేముంది బావా. ఒకటి కోసింది. రెండోది ఉత్తిది. కోసినట్టే కనపడుద్ది, బ్యాటు ఊరికే తగులుద్ది. అంతే."

"మరి తెలిసేదెలా?"

"నా చెయ్యి చూత్తే ఏం తెలీదు. బంతి మీద కంపెనీ ముద్ర చూడు. ముద్ర అలికేసినట్టుంటే తిరుగుతున్నట్టు. చదవడానికొచ్చిందా, ఉత్తిది."

చెమటకి ముద్రలు ఎప్పుడో పోయాయి. సిరా పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాం. ఉదయం ఆరు నుంచి పది దాకా సముద్రాన్ని చూడటం, మధ్యాహ్నం చుక్కని చూడటం. వానాకాలం అలాగే గడిచింది.

"ఓడలు చూడమని పంపితే చుక్కలు చూస్తాండావా అప్పా" అని హవల్దారు గారు ఎగతాళి చేసేవారు.

తుఫాను గాలి మొదలైన ఓ మధ్యాహ్నం చుక్క నాకు స్పష్టంగా కనబడింది. ఉత్తిది. ఎత్తకుండా తిన్నగా కొట్టాను. బంతి అతని పక్క నుంచి వెళ్ళిపోయింది. "పట్టేసేవ్ బావా" అని సిగ్నలు నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.

అప్పుడే ఫోను మోగింది. హెడ్‌క్వార్టర్సు ఆఫీసరు. సిగ్నలు ఓ చెవి మూసుకుని, రెండో చెవికి రిసీవరు నొక్కుకున్నాడు. మాకు వినబడింది అతని గొంతే. "ఆయ్... ఆయ్ సార్... ఆయ్..."

మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయ్ అనాలి. అనకపోతే పొగరంటారు. ఒప్పుకున్నా ఆయే, ఊరికే వింటున్నా ఆయే.

లైను తెగింది. "ఏమన్నారప్పా?" అడిగారు హవల్దారు గారు.

"ఏదో తూర్పు సరిహద్దన్నారండి. మనుషులు కావాలంట. సగం గాలికి పోయిందండి."

వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది. సిగ్నలు తనంతట తాను తూర్పు సరిహద్దుకి వెళ్తానన్నాడు కాబట్టి వెంటనే బయల్దేరాలి. ఆ ఆఫీసరు మద్రాసు మనిషి. తెలుగు బాగానే వచ్చు, గోదావరి తెలుగు తెలీదు. ఇష్టమేనా అని అడిగాడట. ఆయ్ అని వినబడిందట.

"అది ఉత్తి ఆయ్ అండి, హవల్దారు గారూ. ఇంటన్నానని అండి. ఎల్తానని కాదండి" అన్నాడు సిగ్నలు.

హవల్దారు గారు ఫోను చేసి, ఆ మాటకి అర్థం చెప్పి, బతిమాలారు. అవతలి నుంచి వచ్చిన జవాబు మాకూ వినబడింది. "ఒప్పుకుని వెనక్కి తగ్గేవాణ్ణి సైన్యంలో ఏమంటారో అతనికి చెప్పండి."

"నా చేతుల్లో లేదప్పా" అన్నారాయన, రిసీవరు పెట్టేస్తూ.

నాకు ఒళ్ళు మండింది. చేసేదేముంది? మర్నాడు పొద్దున్న బండెక్కుతూ సిగ్నలు నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, మా ఇంటికెళ్ళి ఒక్క మాట చెప్పు. నేను ఎల్తానన్లేదని చెప్పు."

వేసవిలో కబురొచ్చింది. అడవిలో టెలిఫోను తీగ లాగుతుండగా పోయాడు. ఆ తర్వాత మా పోస్టు ఎత్తేశారు. నేను లాంచీలో కొత్తపేట వెళ్ళాను.

సిగ్నలు భార్య వసారాలో కత్తిపీట మీద కొబ్బరి కోరుతోంది. పక్కన చాప మీద పసిపిల్ల. నేనెవరినో చెప్పుకున్నాను.

"ఆఫీసరు గారొచ్చేరండి అన్నయ్యగారూ. పొగిడేరు. ఎవరూ బలవంతపెట్టకుండా ఆయనే ఎల్తానన్నారంట. నా కాన్పు ముందర పెట్టుకునండి."

చెప్పాను. గాలి, తెగిన లైను, ఆయ్, హవల్దారు గారు బతిమాలడం, అన్నీ చెప్పాను. గోదావరి మనిషికి ఆ మాట విప్పి చెప్పాల్సిన పనేముంది, ఇట్టే నమ్ముతుందనుకున్నాను.

"మీరు ఆయన స్నేహితులండి. మీరు అలాగే చెప్తారు."

మళ్ళీ చెప్పాను. ఆవిడ తల ఎత్తలేదు.

యుద్ధం చూశావా తాతా అని మీరు అడిగినప్పుడల్లా నాకు కనబడేది ఆ వసారాయే. చిప్పలో కొబ్బరి అయిపోయింది. ఆవిడ చూసుకోలేదు. కోరుతూనే ఉంది. తెల్లటి కోరు మీద గోధుమరంగు పెంకు పొడి రాలుతోంది.