అరిగిపోయిందని చెప్పిన స్ప్రింగు

2022 వేసవి. వన్‌టౌన్‌లో ఇరవై ఏళ్లు నడిపిన వాచీల కొట్టు ఖాళీ చేసి, పటమటలో మా ఇంటి ముందు గదిలోనే రిపేర్లు మొదలుపెట్టాను. కొట్టులో నా బల్లకి పెద్ద సొరుగు ఉండేది. దాన్ని పొట్టదాకా లాక్కుని కూర్చుంటే చేతిలోంచి జారిందేదైనా అందులోనే పడేది. ఇంట్లో మాత్రం మా ఆవిడ కుట్టుమిషను బల్ల చాలనుకున్నాను. దానికి సొరుగు లేదు. పైగా కింద మొజాయిక్ నేల. ఆ నలుపు, తెలుపు చుక్కల మధ్య పడ్డ స్క్రూని వెతకడమంటే రవ్వలో కలిసిన పంచదార ఏరడమే.

ఇంట్లోనే కదా అని లుంగీతోనే పనికి కూర్చునేవాణ్ణి. "కొట్టుకైతే ఇస్త్రీ ప్యాంటు, ఇంట్లో ఈ అవతారమా?" అని మా ఆవిడ రోజూ దెప్పేది. నేను వింటేగా!

ఆ రోజుల్లో పెడన నుంచి వీరభద్రంగారనే నేతపనివారు బస్సెక్కి వచ్చి ఒక పాత కీ వాచీ ఇచ్చారు. డెబ్బై దాటిన మనిషి, చూపు మసక.

"మా అన్నయ్యదండీ. నాకు మగ్గం నేర్పింది ఆయనే. పోయినేడు కాలం చేశాడు. టైము చూసుకోడానిక్కాదు, నాకెలాగూ ముళ్ళు కనపడవు. చెవి దగ్గర పెట్టుకుంటే ఆడుతున్నట్టు వినపడాలి, అంతే" అన్నారు.

వారం తర్వాత రమ్మన్నాను. వస్తానన్న రోజు పొద్దున్న అంతా శుభ్రం చేసి బిగిస్తున్నాను. కీ ఇచ్చాక చక్రం వెనక్కి తిరక్కుండా ఆపే చిన్న పన్నుని క్లిక్ అంటాం. దాన్ని నొక్కిపట్టేది క్లిక్ స్ప్రింగు, చివర కొక్కెంలా వంగిన సన్నటి తీగ. ట్వీజర్ కాస్త గట్టిగా నొక్కానేమో, టక్కున ఎగిరింది.

పార్టు ఎగిరితే కదలకూడదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి నేను చెప్పే మొదటి మాట అదే. మరి నేనేం చేశాను? చటుక్కున లేచి లుంగీ దులిపాను!

ఫ్యాను ఆపి, టార్చి పట్టుకుని రెండు గంటలు నేలంతా పాకాను. దొరకలేదు. ఆ మోడలుకి స్పేర్లు ఎక్కడా లేవు. వేరే తీగ వంచి కొత్తది చేద్దామని చూస్తే రెండుసార్లూ విరిగింది. ఈలోగా వీరభద్రంగారు రానే వచ్చారు.

"చాలా పాత వాచీ కదండీ, లోపల స్ప్రింగు అరిగిపోయింది. ఇక లాభం లేదు" అనేశాను. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఆయన మొహం చిన్నబోయింది. "పోనీ, ఆ అరిగిన ముక్కన్నా ఇవ్వండి. దాచుకుంటాను" అన్నారు.

ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? "అరగలేదండీ. నా చేతిలోంచే ఎగిరిపోయింది" అని ఒప్పుకున్నాను.

కేకలేస్తారనుకున్నాను. "ఎగిరినప్పుడు మీ ఒంటిమీదున్న లుంగీ ఇదేనా?" అని అడిగారు.

"ఇదేనండీ. అప్పుడే దులిపేశాను."

"దులిపితే దులిపారు. అది విప్పి ఇటివ్వండి."

లోపలికెళ్లి ప్యాంటు తొడుక్కుని లుంగీ తెచ్చిచ్చాను. తలుపు చాటున మా ఆవిడకి నవ్వు ఆగడం లేదు. ఆయన కళ్లు మూసుకుని, బట్టని రెండు వేళ్ల మధ్య జానెడు జానెడే లాగుతూ తడుముకుంటూ పోయారు. సగం దాటాక వేళ్లు ఆగాయి.

"ఇదుగో, పోగుల్లో చిక్కుకుంది. కొక్కెం ఉన్నది దులిపితే రాలుతుందటండీ?"

ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. స్ప్రింగు అందుకుని బల్ల ముందు కూర్చుంటుంటే ఆయన మెల్లిగా అడిగారు.

"ఏమీ అనుకోకండి. లోపల మిగతా ముక్కలన్నీ మా అన్నయ్య వాచీవేనా?"

కోపంగా అడిగితే బాగుండేది. "అవునండీ, అన్నీ అవే" అన్నాను. నిజమే చెప్పాను గానీ, ఆ పూట నా నిజానికి విలువ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కుర్చీ తెచ్చి ఆయన్ని నా పక్కనే కూర్చోబెట్టుకుని, ఏ పార్టు ఎక్కడ పెడుతున్నానో పైకి చెబుతూ బిగించాను. కీ ఇచ్చి చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు. "ఆడుతోంది" అని ఒక్క మాట అని బస్సుకి వెళ్లిపోయారు.

ఆ వారమే సొరుగున్న బల్ల చేయించాను. బల్ల అంచు నుంచి నా బెల్టుదాకా పోగుల్లో ఏదీ చిక్కుకోకుండా ఒత్తుగా నేసిన తెల్లబట్ట ఒకటి కట్టుకుంటున్నాను. పార్టులు పోవడం చాలావరకు తగ్గిపోయింది. ఎప్పుడైనా ఒకటి ఎగిరిందంటే మాత్రం, కూర్చున్నచోటే కదలకుండా ముందు ఫోను అందుకుంటాను. "మీ వాచీలో ముక్క నా చేతిలోంచి పడిపోయిందండీ, వెతుకుతున్నాను" అని చెప్పాకే కిందికి చూస్తాను.