నీలం అంచు తువ్వాలు

మార్చి నెలాఖరున ఒక సాయంత్రం షిగెనో గుమ్మం దగ్గర గంట మోగింది. పొయ్యి మీద ముల్లంగి ఉడుకుతోంది. మంట తగ్గించి వెళ్ళి తలుపు తీసింది. బయట అరవై దాటిన మనిషి. గడ్డం నున్నగా గీసుకుని, పాత కోటుకి గుండీలన్నీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో ఒక పొట్లం ముందుకు చాచాడు. తెల్ల కాగితం చుట్టిన తువ్వాలు.

“ఇవాకి అంటారండీ నన్ను. దగ్గర్లోకే కొత్తగా వచ్చాను. మీకు ఇబ్బంది కలగకుండా మసలుకుంటాను.”

కొత్తగా ఇల్లు మారినవాళ్ళు ఎదుటి మూడిళ్ళకీ, ఇరుపక్కల రెండిళ్ళకీ వెళ్ళి, తువ్వాలు లాంటిదేదో చేతిలో పెట్టి చెప్పే మాట అది. దానికి జవాబు కూడా ఎప్పటినుంచో ఉన్నదే. షిగెనో రెండు చేతులతో తువ్వాలు అందుకుని, నడుము వంచి, “మీరే మమ్మల్ని కనిపెట్టుకుని ఉండాలి” అంది. ఆ తర్వాతే అడిగింది, ఏ ఇల్లని.

అతను పక్కకు జరిగి, వీధికి అవతల ఉన్న చిన్న పార్కు చూపించాడు. తీగల పందిరి వెనక, పేట సంఘం వాళ్ళు పనిముట్లు పెట్టుకునే గది గోడకి ఆనించి ఒక టార్పాలిన్ కట్టి ఉంది.

“అదండీ,” అన్నాడు.

అప్పటికి తువ్వాలు ఆమె చేతిలో ఉంది. ఒకసారి పుచ్చుకున్నది తిరిగి ఇవ్వడం ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ముల్లంగి మాడిపోతుందని చెప్పి తలుపు వేసింది. ముల్లంగి మాడలేదు.

కాగితం విప్పి చూసింది. తెల్లటి తువ్వాలు, నీలం అంచు. మడత పెట్టి సొరుగులో అన్నిటికంటే కింద పెట్టింది.

షిగెనో ఒసాకాలోని ఆ వీధికి కోడలిగా వచ్చింది. బడి వంటశాలలో పనిచేసి రిటైరైంది. నాలుగు వందల మంది పిల్లలకి పులుసు కలిపిన చేయి. ఒంటరిగా తినే ఈ రోజుల్లో కూడా ఆమె గరిటె పెద్దదే. భర్త పోయిన రోజున ఆసుపత్రి నుంచి వస్తూ, మర్నాటికి ఇంట్లో ఏమీ లేదని గుర్తొచ్చి, దారిలో ఆగి టోఫు కొనుక్కుంది. ఏడుపు తర్వాత వస్తుందనుకుంది. రాలేదు. కొన్నాళ్ళకి దాని కోసం ఎదురు చూడడం కూడా మానేసింది.

పేట సంఘంలో ప్రతి వీధికీ ఒక వంతు మనిషి ఉంటారు. ఏడాదికొక ఇల్లు చొప్పున తిరుగుతుంది. ఏప్రిల్లో ఆ వంతు షిగెనోకి వచ్చింది. కాకులు పీకకుండా చెత్త సంచుల మీద వల కప్పాలి. సంఘం కబుర్లు పార్కు బోర్డుకి అంటించాలి. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏ రోజు ఏ చెత్త వేయాలో చెప్పి, సంఘంలోకి పిలవాలి. అలా పిలిచాక వాళ్ళు పేటవాళ్ళే. వాళ్ళ గురించి ఏ మాటైనా వాళ్ళ ఎదుటే అనాలి.

ఇవాకి దగ్గరికి ఆమె వెళ్ళలేదు. వెళ్ళకూడదని అనుకోలేదు. ఈ వారం వాన అనుకుంది, ఆ తర్వాత వారం మోకాలు అనుకుంది. ఉదయం వల తీసుకుని వెళ్ళేసరికి అప్పటికే ఎవరో వల సరిగ్గా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి ఉండేవారు. పార్కు ఊడ్చి ఉండేది. అతను అమ్ముకోడానికి ఏరుకొచ్చిన రేకు డబ్బాలని చప్పుడు కాకుండా పాత దుప్పటిలో చుట్టి, దాని మీద నిలబడి అణగదొక్కేవాడు. కిటికీలోంచి చూస్తే కుమ్మరి మట్టి తొక్కుతున్నట్టు ఉండేది.

జూన్‌లో సంఘం సమావేశం పెట్టారు. మేడ మీద గదిలో, చాపల మీద, ఒక్కొక్కరి ముందు టీ కప్పూ బియ్యపు అప్పడమూ.

“వచ్చే నెల సెలవుల్లో పిల్లల కసరత్తులు పార్కులో మొదలవుతాయి,” అన్నాడు ఉరబె. బియ్యం కొట్టాయన, సంఘం అధ్యక్షుడు. “తల్లులు భయపడుతున్నారు.”

“ఏ తల్లులండీ?” అంది అసారి. చంటిపిల్లతో రెండేళ్ళ కిందట వచ్చిన అమ్మాయి. “నేనూ తల్లినే. నన్నెవరూ అడగలేదే!”

“మీరు కాదమ్మా. మామూలు తల్లులు,” అంది కొదమా. అందరూ నవ్వారు. కొదమాది జుట్టు కత్తిరించే షాపు, పార్కుకి ఎదురుగానే. “నా బాధ వినండి. తలుపు తీయగానే తాడు మీద ఆయన బనీన్లు. మా షాపుకొచ్చినవాళ్ళు అద్దంలో తమ మొహం చూసుకోవాలా, ఆయన బనీను చూడాలా?”

“బనీను చూస్తే మొహం బాగున్నట్టు అనిపిస్తుందేమో. మీకు బేరమే,” అన్నాడు ఉరబె. మళ్ళీ నవ్వారు. అతను గొంతు సవరించుకున్నాడు. “వెళ్ళిపొమ్మని మాత్రం అనొద్దు. మనం అలాంటి మాటలు అనేవాళ్ళం కాదు. పందిరి వెనక పూలతొట్లు పెడదాం. కార్పొరేషన్ వాళ్ళు మట్టీ మొక్కలూ ఊరికే ఇస్తారు. ఆ చోటు ఖాళీగానే ఉందిగా.”

“ఖాళీగా లేదు కదండీ,” అంది అసారి.

ఎవరో టీ పోశారు.

“వార్డు ఆఫీసులో ఒకావిడ ఉంది,” అంది అసారి మళ్ళీ. “ఇలాంటివాళ్ళకి గది చూసిపెడుతుంది. నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. కొత్త మొహాలు వెళ్తే వాళ్ళు వద్దని దణ్ణం పెట్టేస్తారట. తెలిసినవాళ్ళు ఒక్కరు వెంట వచ్చి మాట కలిపితే వింటారట. ఒక్కరు చాలు. ఇక్కడ ఆయన తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పోనీ, పేరైనా తెలుసా?”

పార్కుకి ఎదుటి మూడిళ్ళవాళ్ళూ, పక్క రెండిళ్ళవాళ్ళూ ఆ గదిలోనే ఉన్నారు. కొదమా అప్పడం నోటి దాకా తీసుకెళ్ళి, కొరికితే చప్పుడవుతుందని ఆపింది. ఉరబె తన కప్పు లోపలికి చూసుకుంటున్నాడు.

ఇవాకి. పేరు షిగెనో నాలుక మీదే ఉంది. పలకడానికి కష్టమైన పేరు కాదు. చెబితే ఎలా తెలుసంటారు. తువ్వాలు ఇచ్చాడంటే పుచ్చుకున్నావా అంటారు. పుచ్చుకుంటే మరి సంఘంలోకి ఎందుకు పిలవలేదంటారు. ఆమె తన కప్పులోకి చూసింది. టీ ఆకు కాడ ఒకటి నిటారుగా తేలుతోంది. అలా తేలితే మంచి జరుగుతుందంటారు. అది ఒరిగిపోయేదాకా చూసింది.

“ఎవరూ లేరన్నమాట,” అన్నాడు ఉరబె. “సరే, తొట్లు.”

ఇంటికి వెళ్ళే దారిలో ఉరబె ఆమె పక్కన నడిచాడు. కొదమా ఇల్లు దాటేదాకా మాట్లాడలేదు.

“షిగెనో గారూ, మీకూ ఇచ్చాడా?”

“ఇచ్చారు.”

“నీలం అంచా?”

“నీలమే.”

“మాకూ నీలమే.” కొంత దూరం నడిచాడు. “నా దగ్గరే బియ్యం కొంటాడండీ. కిలో, రెండు కిలోలు. సూపర్ మార్కెట్లో చవగ్గా దొరుకుతాయి కదయ్యా అంటే, ఇరుగుపొరుగు కదండీ అన్నాడు.”

ఉరబె షట్టరు ఎత్తి లోపలికి వెళ్ళాడు.

మర్నాడు ఆమె పార్కు బోర్డుకి కాగితం అంటించింది. ఆదివారం ఉదయం పందిరి వెనక పూలు నాటడం, పేటవాళ్ళందరూ రావాలి. నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చి, వంకరగా ఉందేమోనని వెనక్కి జరిగి చూసింది.

ఆదివారం అందరూ వెళ్ళేసరికి టార్పాలిన్ లేదు. నేల మీద చీపురు గీతలు సన్నగా కనిపిస్తున్నాయి. పార్కు గేటు బయట ఒక తోపుడు బండి మీద సామానంతా తాడుతో కట్టి ఉంది. ఇవాకి చేతులకి నూలు తొడుగులు వేసుకుని, మట్టి బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు. కాగితంలో అందరూ రావాలని ఉంది. వచ్చాడు.

ఉరబె బస్తా ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు.

“వదిలెయ్యండి, అధ్యక్షులు గారూ. నడుం పోతే బియ్యం ఎవరు కొలుస్తారు?” అంటూ ఇవాకి బస్తా భుజానికెత్తుకున్నాడు.

“మీకు శ్రమ ఇస్తున్నాం,” అన్నాడు ఉరబె, నేల చూస్తూ.

“ఏం పూలండీ?”

“పెటూనియాలు.”

“బాగుంటాయి,” అన్నాడు ఇవాకి.

తొట్లన్నీ అతనే మోశాడు. వరస కలిసేలా కాలితో జరిపి సర్దాడు. అసారి రాలేదు, పిల్లకి జ్వరం. ఎండ ఎక్కాక షిగెనో తను చేసి తెచ్చిన అన్నం ముద్దలు పంచింది. అతని దగ్గరికి కూడా పళ్ళెం తీసుకెళ్ళింది. అతను తొడుగులు విప్పి, రెండు చేతులతో ఒకటి తీసుకున్నాడు.

“మీ చేత్తో చేసినవేనా?”

“బడి వంటశాలలో చేసేదాన్ని.”

“అందుకే, ఉప్పు అన్ని వైపులా ఒక్కలాగే ఉంది.” నములుతూ అతను ఆమె మెడ వైపు చూశాడు. చూపు అక్కడే ఆగింది.

షిగెనో కూడా చూసుకుంది. చెమటకని మెడలో వేసుకున్నది తెల్ల తువ్వాలు, నీలం అంచు. అట్టడుగున పెట్టినది ఎప్పుడు పైకి వచ్చిందో తెలియదు. పైవన్నీ వాడి, ఉతికి, దాని వంతు వచ్చి ఉంటుంది. పొద్దున చేతికి అందింది, మెడలో వేసుకుంది.

“తడి పీలుస్తోందాండీ?” అని అడిగాడు.

“పీలుస్తోంది.”

“కొత్తలో కాస్త గట్టిగా ఉంటాయి. ఉతగ్గా ఉతగ్గా మెత్తబడతాయి.”

పక్కన కొదమా కలుపు లేని చోట కలుపు పీకుతోంది.

“వార్డు ఆఫీసులో…” అని మొదలుపెట్టింది షిగెనో.

“ఆ?” అన్నాడు ఇవాకి. తలెత్తి, నమలడం ఆపి, ఆగాడు.

“షిగెనో గారూ! నీళ్ళ డబ్బా ఎక్కడ పెట్టారండీ?” ఉరబె పనిముట్ల గది దగ్గర్నుంచి పిలిచాడు.

తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. వెళ్ళింది. డబ్బా తీసి, కుళాయి తిప్పి, అది నిండేదాకా నిలబడింది. తిరిగి వచ్చేసరికి తోపుడు బండి గేటు దగ్గర లేదు. రోడ్డు మలుపులో తాడు కొస ఒకటి వేలాడుతూ వెళ్ళింది.

ఇల్లు మారి వెళ్ళేవాళ్ళు కూడా చెప్పి వెళ్తారు. వచ్చినప్పుడు ఏ ఇళ్ళకి వెళ్ళారో ఆ ఇళ్ళకే వెళ్ళి, ఇన్నాళ్ళూ కనిపెట్టుకున్నారని వంగి దణ్ణం పెడతారు. ఎక్కడికి వెళ్తున్నారని వీళ్ళు అడుగుతారు. అందుకని షిగెనో మధ్యాహ్నం వెళ్ళి, అతను వస్తే ఇవ్వడానికి, తీపి చిక్కుడుగింజల ముద్ద పెట్టిన మిఠాయి బిళ్ళల డబ్బా ఒకటి కొనుక్కొచ్చింది. గంట వినిపించదేమోనని సాయంత్రం టీవీ పెట్టలేదు. గిన్నెలు కడగడం వాయిదా వేసింది. స్నానానికి తోడుకున్న నీళ్ళు చల్లారాయి. ఆ సాయంత్రం వీధిలో ఎవరి గంటా మోగలేదు. ఇక్కడికి వచ్చినట్టు లెక్క అయితే కదా, వెళ్తున్నానని చెప్పడం.

డబ్బా తెరిచి ఒక బిళ్ళ తింది. తీపి ఎక్కువైనట్టు అనిపించింది. వారమంతా ఒక్కోటీ తిని ముగించింది.

పదిరోజులకి అసారి వార్డు ఆఫీసు ఆవిడని వెంటబెట్టుకుని వచ్చింది. షిగెనో పందిరి వెనక తొట్లకి నీళ్ళు పోస్తోంది.

“నేను ఆలస్యం చేశాను,” అంది అసారి. “పిల్లకి తగ్గేసరికి… ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియదంటున్నారు.”

“పేరు తెలిసినా చాలండీ,” అంది ఆఫీసావిడ. “వేరే వార్డుల్లో అడిగి చూస్తాం.”

“ఇవాకి,” అంది షిగెనో.

అసారి ఆమె వైపు తిరిగింది. “మీకెలా తెలుసండీ?”

షిగెనో తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. అది ఇప్పుడు మెత్తగా ఉంది.

“చెప్పారు,” అంది.

అసారి ఇంకేదో అడుగుతుందని షిగెనో ఆగింది. అసారి అడగలేదు. ఆఫీసావిడకి దారి చూపిస్తూ గేటు వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత వీధిలో ఎదురైతే తల వంచేది, మాట్లాడేది కాదు. షిగెనో మిగిలిన రెండు తొట్లకీ నీళ్ళు పోసింది. ఆ పేరుతో ఎక్కడా ఎవరూ దొరకలేదని తర్వాత ఉరబె చెప్పాడు.

సెప్టెంబరు చివర, పూలు వాడిపోయే రోజుల్లో, ఒక సాయంత్రం షిగెనో ఇంటి గంట మోగింది. పొయ్యి ఆపి వెళ్ళి తలుపు తీసింది. బయట కొత్త పెళ్ళివాళ్ళలా ఉన్న జంట. కుర్రాడు రెండు చేతులతో ఒక పొట్లం చాచాడు, తెల్ల కాగితం చుట్టినది.

“దగ్గర్లోకే కొత్తగా వచ్చామండీ. మీకు ఇబ్బంది…”

షిగెనో చేతులు పక్కనే ఉంచుకుంది.

“ఏ ఇల్లు?” అంది.

కుర్రాడు తడబడ్డాడు. మాట ఆ వరసలో రావాల్సింది కాదు. అతని భార్య వెనక్కి తిరిగి, వీధి చివర పసుపు రంగు మేడ రెండో అంతస్తు చూపించింది. అక్కడ కిటికీకి కొత్త తెరలు వేలాడుతున్నాయి.

షిగెనో ఆ తెరల వైపు చూసింది. అప్పుడు రెండు చేతులూ చాచింది.